సరళ ఎత్తు బంగారం

నిన్న శనివారం. తెల్లవారకముందు నుంచే ముసురు.

దుకాణం తీశాను. బెల్లం తూచి గోనె సంచిలో పెట్టి, మూతి కుట్టాను.

దారం తెంపుతుంటే అక్క ఫోన్.

మా అక్క ఫోన్‌లో మాట్లాడితే పక్కింటికి కూడా వినపడుతుంది. నిన్న నాకే వినపడలేదు. "చెప్పక్కా" అన్నాను. మళ్లీ అన్నాను.

అప్పుడు, "బెల్లం తూయకురా తమ్మీ" అంది.

మా సరళ ఇక లేదని నాకు అట్లా తెలిసింది.

సరళ నా మేనకోడలు. మీలో చాలామందికి అంగన్‌వాడీ టీచరుగా తెలుసు. కడుపులో క్యాన్సర్. ఆరోగ్యం బాగైతే మేడారం తీసుకుపోయి ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నాను. మన దగ్గర బెల్లమే బంగారం. మనిషి ఎంత బరువుంటే అంత తూచి తల్లులకు సమర్పిస్తాం.

నేను పోస్టులు పెట్టే మనిషిని కాదు. కానీ ఒక సంగతి చెప్పాలి.

సరళకు రెండేళ్లు నిండకముందు, ఎనభైలలో, మొదటిసారి ఎత్తు బంగారం ఇచ్చాం. పుట్టినప్పుడు బతుకుతుందో లేదో అన్నారు. బతికింది. అందుకే మేడారం తల్లి పేరే పెట్టుకున్నాం.

తూచింది నేనే. తక్కెడలో కూర్చుని ఒకటే నవ్వు. కదలకుండా ఉంటే కదా ముల్లు నిలిచేది.

జాతర నుంచి తిరిగి వచ్చేటప్పుడు బావ మమ్మల్ని లక్నవరం చెరువు దగ్గర దింపాడు. పెళ్లైనప్పటి నుంచి అక్కకు హైదరాబాద్ జూ చూపిస్తానని చెబుతూ వచ్చిన మనిషి.

"జూ అని చెప్పి చెరువు చూపెడుతున్నవా?" అంది అక్క.

"అవతల గుట్ట మీద అన్ని జంతువులుంటయే. టికెట్ లేదు, పంజరం లేదు" అన్నాడు బావ.

ఇప్పుడున్న ఊగే వంతెన అప్పుడు లేదు. చేపలు పట్టే ఒకాయన పడవలో దాటించి, నడినీళ్లలో ఉన్న ఆ గుట్ట మీద దింపాడు. వల తీసుకుని గంటలో వస్తానన్నాడు.

మా ఇంట్లో అందరం కలిసి చేసిన విహారయాత్ర అదొక్కటే.

ముందు ఒక కొంగ కనిపించింది. తర్వాత ఒక ఉడుము. అవతలి ఒడ్డున దుప్పులు నీళ్లు తాగుతుంటే సరళ నా భుజం మీద ఎగిరెగిరి పడింది.

ఇంతలో గాలి లేచింది. చెరువంతా అలలు. పడవ రాలేదు. సద్ది మూట ఒడ్డునే వదిలి వచ్చాం. మా దగ్గర ఉన్నదల్లా ప్రసాదం బెల్లం.

పిల్ల ఆకలికి ఏడుస్తుందని అక్క భయం. నీళ్లకేసి చూడటం తప్ప నేనూ బావా చేయగలిగింది లేదు.

కోతులు వచ్చాయి. బావ కట్టె తీశాడు.

సరళ నా మీద నుంచి జారి దిగింది. బెల్లం ముక్క తీసుకుపోయి ఒక బండ మీద పెట్టింది. రెండు చేతులూ జోడించి "దండం" అంది.

జాతరలో రెండు రోజులు చూసింది అదే. గద్దె మీద బంగారం పెట్టడం, దండం పెట్టడం. ఎవరి ముందైనా అట్లాగే చేయాలనుకుంది పిల్ల.

పెద్ద కోతి ఒకటి వచ్చి ముక్క తీసుకుని పోయింది. సరళ ఇంకో ముక్క పెట్టింది. ఇంకో దండం.

"ఆపవే దాన్ని, మనకేం మిగలది" అన్నాడు బావ.

"ఎట్ల ఆపుతనయ్యా? తల్లికి పెడతాననుకుంటాంది" అంది అక్క.

మొత్తం పెట్టేసింది. ఖాళీ గుడ్డ దులిపి చూపించింది. ఏడవలేదు. నా ఒళ్లోనే నిద్రపోయింది.

పొద్దుగూకుతుంటే పడవ వచ్చింది. "ఏం సారూ, జంతువులు కనవడ్డయా?" అన్నాడాయన.

"మేమే కనవడ్డం వాటికి" అంది అక్క.

బావ ఉన్నన్నాళ్లూ ఆ మాట చెప్పుకుని నవ్వేవాడు.

ఈ ఆరు నెలలు దవాఖానలో నర్సు సరళను తూచిన ప్రతిసారీ పక్కనే ఉన్నాను. ప్రతిసారీ తగ్గింది. నేను బతుకంతా తూచే పని చేసినవాడిని. తక్కువైతే ఇంకో పిడికెడు వేస్తాను. అక్కడ వేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొక్కు సంగతి చెబితే నవ్వింది. "ఇప్పుడు తూస్తే తల్లులకు నష్టం కదనే మామా. జర లావైనంక ఇయ్యి" అంది.

అందుకే నిన్న మంచిగున్నప్పటి బరువుకే తూచాను. ఆ బెల్లం చూస్తే లేస్తుందేమో అనుకున్నాను. ఎందుకట్లా అనుకున్నానో తెలియదు.

అంతా అయి నిన్న సాయంత్రం వచ్చేసరికి సంచి దుకాణం నడుమనే ఉంది.

మైలలో గద్దెల దగ్గరికి పోకూడదు. మొక్కిన సరుకు అమ్మకూడదు. ఇంట్లో తినేదెట్లా? లెక్కల పుస్తకంలో నిన్నటి తేదీ కింద 'బెల్లం' అని రాశాను. ఎవరి పేర రాయాలో తెలియక పెన్ను పెట్టేశాను.

ఇవాళ పొద్దున అక్కనే అడిగాను. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని బెల్లం ఏం చేయాలని అడగడం ఏమిటో. కానీ ఇంకెవరిని అడగాలి?

"చెరువు కాడికి తీసుకపోరా. కోతులకు పెట్టు. ఊకె పారెయ్యకు. అది పెట్టినట్టు పెట్టు, బండ మీద. దండం పెట్టు" అంది అక్క.

ముసురు ఇంకా తగ్గలేదు. సంచి బండికి కట్టాను.

పోయిరా బిడ్డా. నొప్పి లేని చోట హాయిగా నిద్రపో, ఆ రోజు నా ఒళ్లో పడుకున్నట్టు.