బుల్లియ్య కడుపుమంట

లోకంలో ఎవరు బాగున్నా బుల్లియ్యకి కడుపు మండేది. ఇది ఊరు వేసిన నింద కాదు, అతనే నోరారా ఒప్పుకునేవాడు. పక్కవాడి వలలో నాలుగు చేపలు ఎక్కువ పడితే మంట. ఎదురింటివాళ్ళు ఇంటికి కొత్త తాటాకు కప్పించుకుంటే మంట. ఒకసారి అబ్బులుకి వీపు మీద పెద్ద కురుపు లేచి, పల్లె పల్లెంతా పరామర్శకి కదిలింది. బుల్లియ్య కూడా వెళ్ళి చూసి, ఇంటికొచ్చి మూలుగుతూ చతికిలబడ్డాడు.

"నాకు జొరమొచ్చినప్పుడు ఇంతమంది వచ్చారా ఏంటే? కడుపు మండిపోతందే. ఆ మజ్జిగ ఇటు పట్రా!"

అప్పాయమ్మ ముంత అందించింది. మొగుడి మంట కోసం మజ్జిగ ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది ఆవిడ.

నరసాపురానికి ఇంకా రైలు రాని రోజులవి. గోదారి ఒడ్డున ఉన్న ఆ పల్లెలో, వేటకి వెళ్ళని రోజున పిల్లల తండ్రులు కూడా కర్రాబిళ్ళ ఆడేవారు. వయసులో ఉండగా బుల్లియ్య కొట్టిన బిళ్ళ ఇసకమేట దాటి, ఆ వెనకున్న గడ్డినేలలో పడింది. పడ్డచోట జనం ఒక రాయి తెచ్చి పెట్టారు. బుల్లియ్య రాయి! దాన్ని ఆ తర్వాత ఎవడూ దాటించలేదు. తనని చూసి పదిమంది కుళ్ళుకునే సంగతి బుల్లియ్యకి అదొక్కటే.

అలాంటి రాయి మీద వెంకన్న కన్నేశాడు. వాడికి ఇరవయ్యేళ్ళుంటాయి. కండబలం దండిగా ఉంది గానీ, కొట్టిన బిళ్ళ కొట్టినట్టే నిలువుగా లేచి వాడి నెత్తి మీదకే దిగేది. ఆ ఏడు అవతలి ఒడ్డువాళ్ళతో పోటీ కుదిరింది. రాయి దాటించినవాడే మన తరఫున ముందు కర్ర పట్టాలన్నాడు ఊరిపెద్ద పల్లంరాజు.

"నేను దాటిత్తాను. దాటించలేకపోతే కర్ర ఇరిచి పొయ్యిలో పెట్టేత్తాను, మళ్ళీ ఆడను" అన్నాడు వెంకన్న నలుగురిలో. నలుగురూ నవ్వారు. బుల్లియ్య మాత్రం నవ్వలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

మర్నాడే బయలుదేరి వచ్చాడు, ఎగతాళి చెయ్యడానికి.

"ఆ కాలేంట్రా, గుంజ పాతినట్టు? బిళ్ళ లెగిసేసరికి ముందుకాలు జరగొద్దూ? ఈడు నా రాయి దాటిత్తాడంట!"

వెంకన్న ఎగతాళిని పక్కన పెట్టి, కాలు జరిపి కొట్టాడు. బిళ్ళ మొదటిసారిగా ముందుకి పోయింది. బుల్లియ్య మొహం మాడిపోయింది. ఇంటికెళ్ళి మజ్జిగ తాగి, మళ్ళీ మర్నాడు వచ్చాడు.

"భుజంతో బాదుతున్నాడు సచ్చినోడు! వల భుజంతో ఇసురుతావా? నడుం తిప్పరా, నడుం!"

వెంకన్న నడుం తిప్పాడు. బిళ్ళ ఇసకమేట ఎక్కి కూర్చుంది. ఆ రోజు రెండు ముంతలయ్యాయి.

దాంతో వెంకన్నకి కిటుకు దొరికింది. బుల్లియ్య మావని ఎంత మండిస్తే తన తప్పులు అంతగా బయటికొస్తాయి. ఇక మండించడమే పనిగా పెట్టుకున్నాడు.

"నా రాయి ఎంతది పెట్టమంటావు మావా, నీ రాయంతదా, ఇంకా పెద్దదా?"

"కర్ర తగలకుండానే తలెత్తి మబ్బుల్లోకి సూసేవోడికి రాయెందుకురా? బిళ్ళని సూడు ముందు!"

వెంకన్న బిళ్ళనే చూశాడు. బిళ్ళ మేట దాటింది. "నా గేదె ఒక్కతే ఎన్ని మంటలు ఆర్పుద్దిరా?" అని అప్పాయమ్మ మొత్తుకుంది.

కానీ పోటీ దగ్గరపడినా బిళ్ళ రాయి దగ్గరికి వెళ్ళి ఆగిపోయేది తప్ప దాటేది కాదు. ఇప్పుడు మండటం వెంకన్న వంతయింది. ఆ రాయిని చూస్తేనే వాడికి ఒళ్ళు భగ్గుమనేది. ఈ ముసలాడు వయసులో ఉండగా ఎలా కొట్టాడో, ఎంత బాగా కొట్టాడో!

కర్ర పట్టేవాణ్ణి తేల్చే రోజు పొద్దున్నే అప్పాయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఆముదం ఉంటే ఎవరైనా పెట్టండమ్మా! మా ఆయన తెల్లారగట్ల గునపం పట్టుకుని ఎటో పోయి, ఒంగినవాడు ఒంగినట్టే ఇంటికొచ్చాడు!"

గునపం మాట వినగానే జనం మొహాలు చూసుకున్నారు.

"ఇంకేముంది? ఓర్వలేక రాయి దూరంగా జరిపేశాడు" అన్నాడు అబ్బులు.

"అయితే రేపు చూద్దాం లెండి" అన్నాడు పల్లంరాజు.

"వద్దు బాబాయ్. రాయి ఎక్కడుంటే అక్కడే దాటిత్తాను" అన్నాడు వెంకన్న పళ్ళు కొరుకుతూ.

అంత కోపంలోనూ కాలు జరిగింది, నడుం తిరిగింది, చూపు బిళ్ళ మీదే నిలిచింది. బిళ్ళ రాయి మీదుగా వెళ్ళి అవతల గడ్డిలో పడింది. జనం ఈలలు వేశారు.

బిళ్ళ తెచ్చుకోవడానికి వెంకన్న ఒక్కడే వెళ్ళాడు. రాయి దాటి కొంచెం ముందుకి పోయేసరికి కొత్త గుంత కనిపించింది. అడుగున పాలిపోయిన గడ్డివేళ్ళు, మెదులుతున్న వానపాములు. ఏళ్ళ తరబడి రాయి కూర్చున్న చోటు అదే. అక్కణ్ణుంచి రాయి దాకా ఈడ్చిన చార ఉంది. రాయి దూరం పోలేదు, దగ్గరికొచ్చింది! వాడి బిళ్ళ మాత్రం ఆ గుంతకి కూడా అవతలే పడి ఉంది.

నేరుగా బుల్లియ్య ఇంటికెళ్ళాడు. బుల్లియ్య బోర్లా పడుకుని నడుం తోమించుకుంటున్నాడు.

"రాయి ఇటెందుకు లాగావు మావా?"

"నా రాయి, నా ఇట్టం."

"గుంత చూశాను."

బుల్లియ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "కర్ర ఇరిచేత్తానన్నావు కదరా. నువ్వు ఆట మానేసి కూకుంటే నేనెవణ్ణి సూసి మండాలి?"

వెంకన్న అతని పక్కనే కూర్చున్నాడు. "బిళ్ళ గుంత కూడా దాటింది మావా" అన్నాడు.

బుల్లియ్య నడుం సంగతి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. "గుంత కూడానా! మరి నా నడుం ఊరికే పోయిందేంట్రా? పద, సూపించు!"

వెంకన్న భుజం పట్టుకుని, అడుగడుక్కీ మూలుగుతూ గడ్డినేల దాకా నడిచాడు. బిళ్ళ పడ్డచోటు చూశాడు, గుంత చూశాడు, మళ్ళీ బిళ్ళ పడ్డచోటు చూశాడు.

"బాగా కొట్టావురా" అన్నాడు మెల్లగా. వెంటనే అటూ ఇటూ చూసి, "ఈ మాట ఎక్కడన్నా అన్నావో, సంపేత్తాను. రాయి సంగతీ అంతే" అన్నాడు.

"నువ్వు దూరంగా జరిపావనుకుంటన్నారు మావా అందరూ!"

"అనుకోనీరా" అన్నాడు బుల్లియ్య, వంగిన నడుం వంగి ఉండగానే ఛాతీ విరిచి. "ఈ వయసులో అంత రాయి ఒక్కణ్ణే అంత దూరం తోశానంటే, ఆళ్ళ కడుపులు మండవూ?"