పళ్లున్న చిప్ప

హైటెక్ సిటీ కడుతున్న రోజులు. కొత్తగూడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ టిఫిన్ డబ్బా తెరిచి, దూదిలో పెట్టిన తెల్లటి గుండ్రటి చిప్ప చూపించింది.

"సీ అర్చిన్ అండి, సముద్రంలో ముళ్లజీవి. ముళ్లు రాలిపోయాక మిగిలిన గూడు ఇది. లోపల పళ్లుంటే ఒక వర్గం, లేకపోతే ఇంకోటి. నోట్లో ఇసుక గట్టిపడి కనబడట్లేదు. పగలగొట్టి చూడమంటారు మా రీసెర్చ్ సారు. నాకు దొరికింది ఇదొక్కటేనండి, చేతులు రావట్లేదు."

"జర పట్టుకోండ్రి!" అని కండక్టర్ అరిచేలోపే బస్సు గుంతలో పడింది. చిప్ప ఆమె ఒళ్లోనే రెండు ముక్కలైంది.

ఆమె ఇసుకను వేలితో తోసి, బియ్యపు నూకంత తెల్లటి ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

"పళ్లున్నాయండి!" అంది.

గచ్చిబౌలిలో ఆమె దిగిపోయాక చూసుకుంటే, ఆ పన్ను ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.