యూకేజీ దాటని పాప

2023 వానాకాలం. తండ్రులను పిల్లలతో మాట్లాడించే చిన్న సంస్థ మాది, ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఆటోలు నడిపేవాళ్లు, హమాలీలు, హోటళ్లలో వంట చేసేవాళ్లు, ఇలాంటి తండ్రుల ఫోన్లకు వారానికి మూడు మెసేజ్‌లు పంపడం నా ఉద్యోగం. మా భాషలో దాన్ని ప్రాంప్ట్ అంటాం. అంటే ఆ రోజు తండ్రి బిడ్డతో చేయాల్సిన ఒక చిన్న పని. ‘ఈరోజు మీ పాప దేనికి నవ్విందో అడగండి.’ అంతే. అడిగి, ఏం చెప్పిందో మాకు రాయాలి.

చాలామంది ‘ఓకే’ అని పంపి ఊరుకునేవారు. ఒక్క నర్సింహ మాత్రం రాసేవాడు. స్టేషన్ ముందు ఆటో పెట్టుకునే మనిషి. టైపింగ్ రాదు, నోటితో చెబితే ఫోనే రాసుకునేది.

‘రైలుకు చెయ్యి ఊపుతుండె మేడం. అండ్ల ఎవరున్నరు బిడ్డా అంటే, ఎవరికి గాదు డాడీ, రైలుకే అన్నది.’

‘వానల తడిసిన పావురాన్ని చూసి, దీన్ని దవాఖానకు తీస్కపోదమా అన్నది.’

ఆ జవాబుల కోసం నేను కాచుకుని కూర్చునేదాన్ని, దాచుకోవడం దేనికి! సాయంత్రం నాంపల్లి మెట్రో దాకా నడుస్తుంటే తడి రోడ్డు మీద దీపాలు కదిలేవి. ఆ వెలుగులో ఆ పాప నా ముందే గంతులేస్తూ పోతున్నట్టుండేది. పేరు మౌనిక అని తెలుసు. పసుపు గౌను మాత్రం నా ఊహలో నేను తొడిగిందే. ఇంత మంచి తండ్రి ఇంకొకడు లేడని మీటింగులో గొప్పలు కూడా పోయాను.

మరుసటి ఏడు బడులు తెరిచాక, అందరి జవాబులూ మొదటి నుంచి చదివి పిల్లల క్లాసు మార్చాలి. క్లాసును బట్టి ప్రాంప్ట్ మారుతుంది. నర్సింహవి ఇష్టంగా చివరకు దాచుకుని చదివాను. పేరు రాయించిన రోజు యూకేజీ. ఏడాది తర్వాతా యూకేజీ సంచే. మొదట్లో ఊగిన పన్ను ఇంకా ఊగుతూనే ఉంది. మిగతా పిల్లలకు పళ్లూడి కొత్తవి వచ్చాయి, ఈ పిల్ల ఒక్క అంగుళం పెరగలేదు. అసలు ఈ పాప అతని దగ్గర ఉందా అని అనుమానమొచ్చింది.

నేరుగా స్టేషన్‌కు వెళ్లాను. కోపమొస్తే నా నోట ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోతుంది.

“నర్సింహా, పాప యాడుంది? నిజం చెప్పు.”

ఆటో అద్దం తుడుస్తున్నవాడు ఆగిపోయాడు. “వాళ్లమ్మతోని షాద్‌నగర్ దిక్కు, అమ్మమ్మోళ్లింట్ల ఉంది మేడం. ఏడాదిన్నరాయె.”

“మరి ఇన్నాళ్లు రాసిందంతా ఏంది? నన్ను పిచ్చిదాన్ని చేసినవా?”

“బిడ్డను అడుగున్రి అని మీరు పెడ్తరు గదా. నేను అడుగుతుంటి. గీ ఎనక సీట్ల కూసున్నట్టే ఉంటుండె. నాకు ఏం ఇనవడ్డదో గదే రాసిన.” గుడ్డను చేతికి చుట్టుకుంటూ తల దించుకున్నాడు. “ఇంట్ల ఉన్నప్పుడు ఒక్కనాడు అడగలె మేడం. గందుకే పోయిన్రు.”

తిట్టడానికి వెళ్లినదాన్ని, ఆ వెనక సీట్లోనే కూర్చున్నాను. ఎందుకో ఒక పక్కకు జరిగి కూర్చున్నాను.

అతణ్ని అడిగే అతని భార్య సుజాతకు ఫోన్ చేశాను. “బిడ్డ ఏ క్లాసో గూడ ఎర్కలేని మనిషి గాయన,” అని కస్సుమంది. అబద్ధమేం కాదు. రైలు, పావురం మెసేజ్‌లు రెండూ చదివి వినిపించాను. అవి అతను ఊహించుకున్నవేనని కూడా చెప్పాను. “ఆదివారం పొద్దుగాల ఒక్కసారి చెయ్యమనున్రి. బిడ్డకు ఇష్టముంటే మాట్లాడతది, లేకుంటే లేదు,” అంది.

ఆ ఆదివారం ఒక్క మనిషి కోసమే ప్రాంప్ట్ రాశాను. ‘ఈసారి మీరేమీ ఊహించకండి. ఏ క్లాసో అడిగి, పాప చెప్పేదాకా ఆగండి.’

పదైంది, పదకొండైంది. పిల్ల ఫోన్ అందుకుందో లేదో తెలియదు. నా ప్రాణమంతా ఆ ఫోన్ మీదే ఉంది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది.

‘సెకండ్ క్లాసంట మేడం. ఇంకేం చెప్పలె.’

ఏడుపొచ్చింది నాకు. ఆ తర్వాత అంత మంచి జవాబు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఏ తండ్రైనా ముద్దుగా రాస్తే మురిసిపోను, పాపతో ఒకసారి మాట్లాడించమంటాను. మనకు నచ్చే జవాబు పిల్లల నోట రావాలని లేదు, వాళ్లు చెప్పిందే జవాబని నర్సింహ వల్లే తెలిసింది నాకు.

సోమవారం మౌనిక పేరును సెకండ్ క్లాసు జాబితాలోకి మార్చాను. సాయంత్రం మెట్రోకు నడుస్తుంటే పసుపు గౌను పాప ఎక్కడా కనిపించలేదు. ఆ గౌను ఆమెకు ఇప్పుడు పట్టదు కదా.