ఆకాశానికి దుంగలు

ఖానాపురం హవేలిలో మా కొత్తింటి ముందు నాటడానికి టేకు కొందామా, కానుగ కొందామా అని నర్సరీలో మా ఆయన అడుగుతుంటే, రాలిన కానుగపూల వాసన తగిలి నాకు ఊర్ల ఉన్న మా నాయిన గుర్తొచ్చిండు.

నాయిన బొగ్గుబాయిల పనిచేసేటోడు. బాయి లోపల పైకప్పు కూలకుండ గట్టి దుంగలు నిలబెడతరని చెప్పేటోడు. వాకిట్ల చెట్టు పెట్టేది కూడా ఆకాశం మన మీద పడకుండ ఆపేటందుకే అనుకున్న చిన్నప్పుడు నేను.

అప్పట్ల మా వాకిట్ల ఏ చెట్టు పెట్టాలన్న మాటొస్తే అమ్మ టేకే కావాలంది. "నిటారుగ పెరుగుద్ది. రేపు తలుపులకన్న పనికొస్తది."

"టేకు ఎండలు ముదిరేసరికి ఆకంతా రాలుస్తది. కానుగైతే అప్పుడే చిగురేసి నీడనిస్తది" అన్నడు నాయిన.

"టేకే పెట్టు నాయినా! కానుగ వంకరగుంటది, ఆపలేదు" అని నేను ఏడ్చిన.

"ఏంది బిడ్డా ఆపేది?"

"ఆకాశాన్ని."

నాయిన నవ్వలేదు. నన్ను ఎత్తుకొని, "బయట దుంగలక్కర్లేదు బిడ్డా, ఆకాశం దానంతటదే ఉంటది" అన్నడు. కానుగే పెట్టిండు.

చెట్టు ఎదిగినంక, షిఫ్టు దిగొచ్చి దాని కింద నులకమంచం వాల్చుకొని, కొమ్మల సందుల్లోంచి పైకి చూస్తూ పండుకునేటోడు. ఆయన ఎంత చెప్పినా, ఆకాశానికి కాపలా కాస్తుండనే నా నమ్మకం. చప్పుడు చెయ్యకుండ పక్కన కూర్చునేదాన్ని. నెత్తిమీద దుంగల్లేని చోట నడుం వాల్చడం ఆయనకెంత హాయో ఇప్పుడు తెలుస్తుంది.

"కానుగే తీసుకుందాం" అన్నా మా ఆయనతో. "కింద మంచం పట్టేంత జాగా చూసి నాటుదాం. నాయినొస్తడు."