వియ్యపురాలి ఇంట్లో కూసిన పెట్ట

గంటలో వెయ్యి కోడిపిల్లలను చేత్తో పట్టి, పుంజులనూ పెట్టలనూ వేరుచేసిన మొదటి మనిషి ఆ హేచరీలో ఆయనే. ఆ వెయ్యి ఊరికే రాలేదు. గుడ్డులోంచి బయటపడి ఒక్కరోజైనా నిండని పిల్లను బోర్లించి తోక కింద మెల్లగా నొక్కితే, ఆవగింజలో సగం బుడిపె కనిపించాలి. కనిపిస్తే పుంజు, లేకపోతే పెట్ట. అది కంటికి ఆనడానికే మూడేళ్ళు పట్టింది. లైటు కింద కళ్ళు నీళ్ళు కారేవి. ఇంటికొచ్చి చొక్కా గుండీలు విప్పుకుందామంటే వేళ్ళు వంగేవి కావు. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు, రెండు ప్రశంసాపత్రాలు, చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు నలభైమంది. హేచరీలో ఆయన అసలు పేరు ఎవరూ వాడలేదు. అందరికీ ఆయన తప్పులేనాయన.

అలాంటి మనిషి, రిటైరయిన మరుసటేడు వియ్యపురాలికి ఆరు పిల్లలను ఏరి ఇచ్చాడు. కళ్ళజోడు జేబులోనే ఉంది. వియ్యాలవారి ముందు తీసి పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

"ఆరూ పెట్టలే చెల్లెమ్మగారూ. పూచీ నాది," అన్నాడు.

నాలుగు నెలలకు ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, మీరిచ్చిన పెట్టల్లో ఒకటి కూస్తోందండీ!" వియ్యపురాలికి నవ్వు ఆగడం లేదు. "మీ పెట్టకు గొంతు పట్టేసిందా అని పక్కింటావిడ అడుగుతోంది."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి చూస్తే సంగతి నవ్వుతో పోయేలా లేదు. పుంజు ఎక్కీ ఎక్కీ ఐదు పెట్టల వీపులూ ఈకలు ఊడి ఎర్రగా బయటపడ్డాయి. అందుకని దాన్ని గోడ పక్కన వల పెట్టెలో విడిగా ఉంచారు. పెట్టలు అవతల మట్టి కెలుకుతుంటే, అది వలకు రొమ్ము ఆనించి నిలబడి ఉంది. గిన్నెలో మేత వేసింది వేసినట్టే ఉంది.

"ఆదివారం దాకా చూస్తానండీ. ఆపైన కత్తికే," అంది వియ్యపురాలు. "పూచీ అన్నారు కదా, ముందు మీ చెవిన వేస్తున్నా."

ఆయన దాన్ని సంచీలో ఇంటికి తెచ్చుకున్నాడు.

"వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్ళారు. వచ్చేటప్పుడు తోడు తెచ్చుకున్నారే!" అంది భార్య.

తోడు కావలసింది పుంజుకు. ఆయన వెనక వరండాలో అద్దం నిలబెట్టాడు. అది అద్దంలోదాన్ని పొడిచి పొడిచి తన తురాయే నెత్తురు చేసుకుంది. అద్దం తీసేస్తే గోడవైపు తిరిగి నిలబడింది. మూడురోజులు మేతకు ముక్కు వంచలేదు.

దాణా కొట్టాయన సలహా చెప్పాడు. "పెట్టల్లేని చోట పుంజులు కలిసే ఉంటాయండీ. కొట్లాటంతా వాటి కోసమేగా! ఒట్టి పుంజుల మంద నాకు తెలిసి ఒక్కరి దగ్గరే ఉంది. రంపపు మిల్లు వెనకావిడ. ఒకప్పుడు మీ హేచరీయేనట, ఎరుగుదురా?"

ఎరగకేం. పదహారేళ్ళ కిందట ఆమె ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. 'పుంజును పెట్టల ట్రేలో వేశావు' అని, ఆ కోడిపిల్లను ఆమె అరచేతిలో పెట్టించి, షిఫ్టు అయ్యేదాకా గుమ్మంలో నిలబెట్టాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూశారు. మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు. పోతూ పోతూ ఆ కోడిపిల్లను తీసుకుపోయింది. ఐదారు నెలలకు హేచరీ వాచ్‌మన్ ఒక చిన్న అట్టపెట్టె తెచ్చిచ్చాడు. లోపల దూదిలో ఒక గుడ్డు. చీటీ లేదు. చీటీతో పనేముంది, పుంజు గుడ్డు పెట్టదుగా! ఆయన పెట్టెను సొరుగులోకి తోసేసి మళ్ళీ పిల్లలను ఏరుతూ కూర్చున్నాడు. రెండో ప్రశంసాపత్రం వచ్చింది ఆ ఏడే.

శనివారం రెండు బస్సులు మారి మిల్లుకు చేరాడు. సంచీలో కదలిక లేనప్పుడల్లా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆమె రంపపుపొట్టు జల్లిస్తోంది. వెనక రేకుల కింద పదకొండు పుంజులు.

"మాస్టారూ, మీరా?" అంటూ సంచీలోకి తొంగిచూసింది. "దీన్నెవరు ఏరారు?"

"నేనేనమ్మా. పెట్ట అని ఇచ్చాను."

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆయనకు. వయసనీ, కళ్ళజోడనీ దారంతా ఏవేవో కూడబలుక్కుంటూ వచ్చాడు. అవేవీ నోట రాలేదు.

"ఆ గుడ్డు నాకు అందిందమ్మా. పంపినరోజే అందింది."

"తెలుసండీ. ఆ వాచ్‌మన్ మా మేనమామ."

ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "ఎవరికీ చెప్పలేదు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"అదీ తెలుసు. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని ఏడాది ఎదురుచూశాను. ఆ తర్వాత ఈ పొట్టు పనిలో కుదిరాను." ఆమె పుంజును ఎత్తి రొమ్ము తడిమింది. "ఎముక గుచ్చుకుంటోంది. ముందిది తినాలి. మన సంగతి ఎక్కడికీ పోదు."

దాన్ని వలకు ఇవతల వదిలింది. అవతల ఒక ముసలి పుంజు గింజలు ఏరుకుంటూ వల దాకా వచ్చింది. ఆ టకటక విని ఇది మెడ తిప్పింది. చాలాసేపు చూసి చూసి ఒక గింజ ముట్టింది.

"మూడు వారాలు వల అడ్డం ఉండాలి. ఆపైన కలిపి పదిరోజులు కాపలా కాయాలి. నెత్తురు కనిపిస్తే అన్నీ మీద పడతాయి. పగలంతా నేను మిల్లులో ఉంటాను. ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?"

"నేనుంటానమ్మా."

"కూర్చునే చోటు ఈ గుమ్మమేనండీ. మిల్లుకొచ్చేవాళ్ళందరికీ కనబడతారు. ఇక్కడెందుకు కూర్చున్నారని అడిగితే?"

"పుంజును పెట్ట అన్నానని చెబుతాను."

"అంతేనా?"

"పెట్టను పుంజన్నానని కూడా."

"మరి పడక మా మేనమామ గదిలో. పాత కబుర్లు బోలెడుంటాయి మీ ఇద్దరికీ," అని ఆమె జల్లెడ అందుకుంది.

ఆయన ఇంటికి ఫోను చేశాడు.

"వదినగారు అడిగితే ఏం చెప్పను? మీకు ఒంట్లో బాగాలేదననా?" అంది భార్య.

"వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. ఇక్కడ ఎవరి దగ్గరున్నానో, ఎందుకున్నానో, అదంతా చెప్పు."

అవతల క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఇంతకీ ఎప్పుడొస్తారు?"

"మార్చి పదిహేడు, మంగళవారం."