ఆర్డిత్ మలుపు దగ్గర ఆగని మధ్యాహ్నం

మా కెల్సీ హాలోలో ఫైరింజన్ నడపడం వచ్చినవాళ్లు పట్టుమని నలుగురు లేరు. వాళ్లలో పగటిపూట ఊళ్లో దొరికేది ఆర్డిత్ ఆస్టర్‌హౌట్ ఒక్కతే. మిగతావాళ్లు పొద్దున్నే కొండ దిగి ఉద్యోగాలకు పోతారు. ఆర్డిత్ ఊరి చివర పశువుల దాణా అమ్మే కొట్టులో పనిచేసేది. అరవై దాటిన మనిషి. బస్తాలు ఎత్తీ దించీ భుజాలు బండబారిపోయాయి. మాటకు మాట అప్పజెప్పడంలో ఆమెను మించినవాళ్లు మా ఊళ్లో లేరు.

మాది జీతాల్లేని ఫైర్ దళం. పేజర్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేసి, సొంత కార్లలో ఫైర్ స్టేషన్‌కు పరుగెత్తాలి. నేనైతే స్టేషన్ పక్కింట్లోనే ఉంటాను. ఉత్తరాలు పంచే ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు వేరే పనీ లేదు. కాబట్టి ముందుగా చేరేది నేనే. కానీ నాకు ఇంజన్ నడపడం రాదు. కళ్లు సరిగా కనిపించవు. స్టేషన్ షట్టరు తలుపు ఎత్తి, టోపీ పెట్టుకుని, డ్రైవరు కోసం ఎదురుచూస్తూ నిలబడతాను.

ఆర్డిత్ ఈ పనిలోకి వచ్చింది కూడా అలాంటి ఎదురుచూపు వల్లే. చాలా ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం పొగ చూసి ఆమె స్టేషన్ దగ్గరికి వచ్చింది. ఇంజన్ సిద్ధంగా ఉంది, టోపీలు పెట్టుకుని ఇద్దరు మనుషులూ ఉన్నారు, నడిపేవాడు మాత్రం లేడు. అతను రోడ్డు మీద ఎవరి కారు వెనకాలో ఇరుక్కుపోయాడు. అతను వచ్చేసరికి అవతల పశువుల కొట్టం కూలిపోయింది. లోపలి ఆవుల అరుపులు ఊరంతా విన్నారు. మరుసటి వారమే ఆర్డిత్ వచ్చి, ఇంజన్ నడపడం నేర్పమంది. అప్పటి చీఫ్ నవ్వాడట. ఆ తర్వాత ఎప్పుడూ నవ్వలేదు.

అందరిలాగే ఆమె కూడా కారు అద్దం వెనక నీలం లైటు పెట్టుకుంది. తెలియనివాళ్లు దాన్ని పోలీసు లైటు లాంటిదనుకుంటారు. అది వెలిగించినంత మాత్రాన సిగ్నలు దాటకూడదు, వేగంగా పోకూడదు. ముందున్నవాళ్లు చూసి, మనసుకు తోచి తప్పుకుంటే తప్పుకుంటారు. కొత్తగా చేరినవాళ్లకు ఆర్డిత్ ఈ సంగతి విసుగు పుట్టేదాకా చెప్పేది. తప్పుకోకపోతే లోపల్లోపల తిట్టుకుంటూ వెనకాలే పొమ్మనేది.

ఆమె తమ్ముడు వెండెల్‌కు ఆ లైటంటే మహా వెటకారం. అతను అడవిలో చెట్లు కొట్టేవాడు. ఒక చెట్టు పక్కకు ఒరిగి నడుం మీద పడింది. అప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. బార్లో కొండ మీద ఒంటరిగా, ఒక ముసలి కుక్కతో బతుకుతున్నాడు. అక్క కారు గుమ్మం ముందు ఆగగానే, "డాన్సు ఎక్కడే ఇవాళ?" అని ఆ లైటు చూపించి అడిగేవాడు. ఆమె వాడి ఇంటి పొగగొట్టం వైపు చూపించి, ముందు దాన్ని శుభ్రం చేయించుకోమనేది. వెండెల్ పచ్చికట్టెలు కాలుస్తాడు. గొట్టం నిండా తారులా మసి పట్టి ఉంటుంది. మనిషిని పంపిస్తానంటే వద్దంటాడు, తనే చేయిస్తానంటాడు, చేయించడు.

ఆ మార్చిలో, మంచు కరిగీ కరగనట్టున్న రోజుల్లో, పిల్లలు బడి నుంచి ఇళ్లకు చేరే వేళకు పేజర్ మోగింది. పొగగొట్టంలో మంటలు, బార్లో కొండ రోడ్డు, ఇంట్లో కదలలేని మనిషి ఉన్నాడు అని అందులో చెప్పారు. ఇంటి నంబరు వెండెల్‌ది. నేను తలుపు ఎత్తి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాతి సంగతి ఆర్డిత్ చెప్పగా తెలిసింది. కొట్టులో మొక్కజొన్నల బస్తా చేతిలోంచి జారవిడిచి, కోటు కూడా వేసుకోకుండా కారెక్కింది. లైటు వేసింది. ముందున్న రెండు కార్లూ తప్పుకున్నాయి. ఊపిరి పీల్చుకునేలోపు స్కూలు బస్సు కనిపించింది. ఎర్రలైట్లు మిణుకుమంటూ ఆగి ఉంది.

ఆ లైట్లు వెలుగుతుండగా బస్సును ఎవరూ దాటకూడదు. ఆమె ఆగింది. పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. దూరంగా కొండ మీద నల్లటి పొగ లేస్తోంది. ఒక చిన్నపిల్ల బస్సు దిగి, ముందు నుంచి రోడ్డు దాటింది. అంతలోనే చేతి తొడుగు జారిపడిందని గిరుక్కున తిరిగి రోడ్డు మధ్యకు పరుగెత్తుకొచ్చింది. ఎర్రలైట్లు ఇంకా ఆరలేదు. ఆర్డిత్ దాటి ఉంటే ఆ పిల్ల సరిగ్గా ఆమె చక్రాల కింద ఉండేది.

బస్సు నడిపే హోలిస్ అద్దంలో నీలం లైటు చూశాడు. పిల్ల గుమ్మం ఎక్కేదాకా ఆగి, తర్వాత దిగాల్సిన పిల్లల్ని కూర్చోమని, బస్సును మంచుగట్టు మీదికంటా తప్పించి, కిటికీలోంచి చెయ్యూపాడు.

దాని తర్వాత మలుపు వచ్చింది. ఎడమకు తిరిగితే తమ్ముడి ఇల్లు. నేరుగా పోతే స్టేషన్. ఎడమకు తిరగడానికి చెయ్యి దానంతటదే కదిలిందట. కొండ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. ఎక్కినా కారులో పొగ ముసుగు లేదు, నీళ్ల గొట్టం లేదు, నీళ్లు లేవు. తను అటు వెళితే ఇంజన్ స్టేషన్‌లోనే నిలబడిపోతుంది. ఆమె తిరగలేదు. నేరుగా వచ్చేసింది.

కారు ఆగడం, ఆమె దిగడం, ఇంజన్ ఎక్కడం అంతా ఒకే ఊపులో జరిగింది.

"వెండెల్ ఇల్లు," అంది.

"విన్నాను," అన్నాను. పక్క సీట్లో కూర్చుని నా కోటు తీసి ఆమె భుజాల మీద వేశాను. వెనక మెర్ల్, మా చీఫ్, తన ట్రక్కులో అందుకున్నాడు.

కొండ మలుపు తిరగగానే ఇంటి కప్పు పైన నిప్పురవ్వలు చిమ్ముతున్న పొగగొట్టం కనిపించింది. కప్పు ఇంకా అంటుకోలేదు. పెరట్లో, కరుగుతున్న మంచులో, చక్రాల కుర్చీ ఉంది. అందులో దుప్పటి కప్పుకుని వెండెల్, ఒళ్లో కుక్క. ఎదురింటి లెనోరా కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్ చేసిందీ, మనిషిని బయటికి నెట్టుకొచ్చిందీ ఆవిడే.

ఆర్డిత్ ఇంజన్ ఆపి, అటు చూసి, స్టీరింగు మీద తల ఆనించింది. ఒక్క నిట్టూర్పు. అంతే, తల ఎత్తి పంపు మీట లాగింది.

మెర్ల్ నిచ్చెనెక్కి పొగగొట్టంలోకి మంటలార్పే పొడి దించాడు. నేనూ లెనోరా కొడుకూ పొయ్యిలో నిప్పులు తొట్టెలోకి తోడి బయట మంచులో కుమ్మరించాం. గొట్టం వెనక గోడ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, ఆర్డిత్ గొడ్డలితో పగలగొట్టి లోపల రాజుకుంటున్న కొయ్యను తడిపేసింది. ఇంకాసేపైతే మంట అటకలోకి పాకేదని మెర్ల్ అన్నాడు. మొత్తానికి ఇల్లు నిలబడింది. ఒక గోడకు రంధ్రం, వంటింట్లో మడుగు, ఇల్లంతా మసి కంపు. అంతే నష్టం.

అప్పుడు వెళ్లింది ఆర్డిత్ తమ్ముడి దగ్గరికి.

"ఆలస్యం చేశావు," అన్నాడు వెండెల్.

"బస్సు ఆగింది. పిల్లలు దిగుతున్నారురా."

వాడు కుక్క చెవులు నిమిరాడు. "నీ కారు వస్తుందనుకున్నా. కింద ఆ మలుపు వైపే చూస్తూ కూర్చున్నా. నువ్వు నేరుగా పోవడం ఇక్కణ్ణుంచి కనిపించింది."

ఆర్డిత్ చేతిలోని గొడ్డలి కింద పెట్టింది.

"నీ స్థానంలో నేనుంటే నీకోసం ఇంటివైపే తిరిగేవాణ్ణి," అన్నాడు. "ఇల్లంతా బూడిదయ్యేది. నేను వెధవనే ఆర్డిత్."

"ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు," అంది ఆమె. మోకాళ్ల మీద మంచులో కూలబడి వాణ్ణి కావలించుకుంది. మధ్యలో నలిగిపోయిన కుక్క గుర్రుమంది. నేనూ మెర్ల్ నీళ్ల గొట్టాలు చుట్టే పనిలో పడ్డాం.

గోడ బాగయ్యేదాకా వెండెల్ అక్క ఇంట్లోనే ఉండాలని తేలింది. ఆ సాయంత్రం మా ఆవిడ చేసిన బఠాణీ సూపు తీసుకుని నేను వెళ్లేసరికి, వాడు అప్పుడే ఆమె దిండు గట్టిగా ఉందని సణుగుతున్నాడు. కుక్క సోఫా మొత్తం ఆక్రమించింది. ఆర్డిత్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గిన్నె దగ్గరికి లాక్కుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. తలెత్తకుండా రెండు గిన్నెల సూపు తాగింది.

"ఇంకా ఉందా రోలాండ్?" అని అడిగింది.

ఉందన్నాను. పక్క గదిలోంచి వెండెల్ తనకూ మిగల్చమని కేకేశాడు.