తెర వెనక చూసిన బొమ్మ

ఎండాకాలం గోదావరిఖనిలో పొద్దు గుంకినా నేల చల్లారదు. అందుకే బొగ్గుగని కాలనీ గ్రౌండులో ఉచిత సినిమా వేసిన రోజు, మార్తమ్మ ఆరేళ్ళ కూతురు లిల్లీని తీసుకొని తెర ముందు కూర్చోలేదు, తెర వెనకకు పోయి కూర్చుంది. ముందంతా ఆఫీసర్ల కుర్చీలు, వాళ్ళ వెనక షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళు. వెనకవైపు గాలి ఉంటుంది, కాళ్ళు చాపుకొనే చోటుంటుంది. రెండు కర్రల మధ్య కట్టిన తెల్లగుడ్డ అది. ఎటునుంచి చూసినా బొమ్మ కనిపిస్తుంది. పేర్లు తిరగబడి పడ్డాయి కాని లిల్లీకి అప్పటికింకా చదువు రాదు.

ఆ సినిమాలో ఒకడు గొడ్డలి పట్టుకొని తిరుగుతాడు. గడప దగ్గర నిలబడతాడు, మాట్లాడడు. ముందు భార్య, తర్వాత చెల్లెలు, తర్వాత ఊయలలో పిల్ల. గుడ్డ గాలికి ఉబ్బినప్పుడల్లా వాడి చెయ్యి లిల్లీ మీదికి వచ్చేది. ఎడమ చెయ్యి. మోచేతి దాకా నెత్తురు. లిల్లీ కళ్ళు మూసుకొని అరిచిన అరుపుకు గ్రౌండంతా ఉలిక్కిపడింది. ఆఖరు ఏమైందో ఆమె చూడలేదు. మార్తమ్మ ఆమెను చంకనేసుకొని ఇంటికి తెచ్చింది.

పిల్ల పెద్దదైతే భయం పోతుందనుకున్నారు. కాని అది ఎక్కడికీ పోలేదు, ఎడమ చేతిలోకి పోయి దాక్కుంది. బడిలో ఎడమచేత్తో రాసే పిల్ల పక్కన లిల్లీ కూర్చునేది కాదు.

లిల్లీకి పద్దెనిమిదేళ్ళప్పుడు ఇమ్మాన్యుయేల్ అనే, గనిలో దీపాలిచ్చే ల్యాంప్‌రూం క్లర్కు తల్లితో కలిసి పెళ్ళిచూపులకు వచ్చాడు. నెమ్మది మనిషి. లిల్లీ చాయ్ అందించింది. అతను ఎడమ చెయ్యి చాపాడు. గ్లాసులు నేలమీద పగిలాయి.

"ఎడమ చేతోడైతే ఏంది బిడ్డా," అన్నాడు తండ్రి యోనా, వాళ్ళు వెళ్ళిపోయాక. "పార పట్టాలంటే రెండు చేతులూ గావాలె గదా."

"నన్ను చంపుతడు బాపు."

"చాయ్ గ్లాసుతోనా?"

ఇంట్లో అందరూ నవ్వారు. లిల్లీ నవ్వలేదు.

మరుసటి ఏడు జాన్ ప్రసాద్‌ను పెళ్ళి చేసుకుంది. గనిలో బొగ్గు టబ్బులను లాగే హాలేజీ ఇంజన్ నడిపేవాడు. బైబిలు పట్టుకున్నా, ఉంగరం తొడిగినా, అన్నం కలిపినా కుడిచెయ్యే. మూడో నెలలో స్నానానికి నీళ్ళు కాగలేదని ఆ కుడిచేత్తోనే కొట్టాడు.

కుడిచేతి దెబ్బ ఎదుటి మనిషి ఎడమ చెవికి తగులుతుంది. పదేళ్ళలో లిల్లీకి ఆ చెవి వినిపించకుండా పోయింది, రెండు పళ్ళు ఊడిపోయాయి. డ్యూటీకి నడుముకు కట్టుకునే తోలుబెల్టు ఆమె వీపు మీద పొడుగు గీతలు గీసింది. అప్పటికి రామకృష్ణాపూర్‌కు మారిన మార్తమ్మ అక్కణ్ణుంచి వచ్చి ఏడ్చేది. "నాతోటి రా బిడ్డా, వీడు నిన్ను చంపుతడు."

"కొడ్తడు గని చంపడమ్మా," అనేది లిల్లీ. ఆ మాటను ఎంత నమ్మకంగా అనేదంటే, ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. చంపేది ఎడమచెయ్యి. ఆరేళ్ళప్పుడు తన కళ్ళతో చూసింది.

రెండువేల ఏడు మే నెల. నైట్‌షిఫ్టు చేసి వచ్చిన జాన్ ప్రసాద్ లోపలి గదిలో కూలర్ కింద నిద్రపోతున్నాడు. ముందుగదిలో పదేళ్ళ సుజిత టీవీ చూస్తోంది. పక్క క్వార్టరు లతీఫున్నీసా మామిడికాయలు కోయడానికి కత్తిపీటతో సహా వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నం కేబుల్‌లో పాత సినిమా. గడప దగ్గర ఒకడు నిలబడ్డాడు, మాట్లాడలేదు.

లిల్లీ వేళ్ళలోంచి మామిడిముక్క జారింది. "బంద్ చెయ్యవే."

"ఏందమ్మా, గీ ఎర్రరంగుకే భయపడ్తవా?" సుజిత పడిపడి నవ్వింది.

"మా అబ్బా గ్రౌండ్ల మిషన్ తిప్పిన సినిమా గిదే," అంది లతీఫున్నీసా. "నేను మిషన్ పక్కన్నే కూసున్న. మీ అమ్మ ఏడ్పుకు మాటలే ఇనవడలే బేటా."

గొడ్డలి లేచింది. లిల్లీ చూపు తిప్పుకోబోయి ఆగిపోయింది. అది కుడిచెయ్యి.

"తప్పు," అంది. "గాడు ఎడమ చేతోడు."

"కాదు లిల్లీ. నువ్వు తెర ఎనక కూసుంటివి గదా, అంతా ఉల్టా కనవడ్తది. అద్దంల చూస్తె గూడ గట్లనే కనవడ్తది."

లిల్లీ తన చేతులు రెండూ ముందు పెట్టుకొని చూసుకుంది. ఒకటి, ఇంకొకటి. పదేళ్ళు తను ఆనుకొని బతికిన గోడ కాగితంలా చినిగిపోయింది. కొడ్తడు గని చంపడు. ఆ మాట ఎవరు చెప్పారు? ఒక గుడ్డ చెప్పింది, అదీ వెనకవైపు నుంచి.

అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. ఇల్లు అదిరింది, అల్మారాలో గిన్నెలు మోగాయి. జాన్ ప్రసాద్ ఎర్రని కళ్ళతో లేచి వచ్చాడు. బ్లాస్టింగును కొట్టలేడు. టీవీని కాలితో తన్నాడు. కొక్కేనికున్న బెల్టు తీశాడు.

"పండనియ్యరా మనిషిని? గా నవ్వేంది పోరీ?"

అంతవరకు ఏనాడూ సుజిత మీద దెబ్బ పడలేదు. పిల్ల గోడకు ఆనుకుపోయింది. బెల్టు బకిల్ ఆమె మోకాలి మీద పడి చర్మం చీల్చింది. కుడిచెయ్యి రెండోసారి లేచింది.

పెరట్లో బొగ్గుపొయ్యి మీద ఆయన స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. నిప్పు కదిపే ఇనుపచువ్వ పొయ్యిలోనే ఉంది. లిల్లీ ఎప్పుడు పోయి తెచ్చిందో లతీఫున్నీసాకు తర్వాత గుర్తుకు రాలేదు. చువ్వ గాలిలో ఎర్రటి గీత గీసింది. అతని కుడి మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు, కాలిన చర్మం వాసన. జాన్ ప్రసాద్ మోకాళ్ళ మీద కూలాడు.

"చెయ్యి ఇరగ్గొట్టినవ్ గదనే!"

"నా బిడ్డ మీదికి లేస్తె రెండోది గూడ ఇరగ్గొడ్త."

"లిల్లీ, చువ్వ కింద పెట్టు," అంది లతీఫున్నీసా. ఆమె చేతిలోనూ కత్తిపీట ఉన్న సంగతి ఆమెకే తెలియదు. "జల్ది దవాఖానకు నడువున్రి."

దవాఖానలో డాక్టరు ఎట్లా జరిగిందని అడిగాడు. భార్య కొట్టిందంటే షిఫ్టులో తల ఎత్తుకోలేడు. "పొయ్యి మీద పడ్డ సార్," అన్నాడు జాన్ ప్రసాద్.

"పడలే సార్. నేనే కొట్టిన," అంది లిల్లీ. డాక్టరు కలం ఆగింది. "రాసుకోన్రి. పిల్ల మోకాలు గూడ రాసుకోన్రి."

ఆ సాయంత్రమే ఆమె సుజితతో రామకృష్ణాపూర్ బస్సెక్కింది. జాన్ ప్రసాద్ కట్టు విప్పించుకున్నాక రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మార్తమ్మ అతనికి మంచినీళ్ళిచ్చి పంపింది. లిల్లీ బయటికి రాలేదు. తర్వాత ఒక బడిలో ఆయాగా చేరింది. అక్కడ ఎడమచేత్తో రాసే పిల్లలను టీచర్లు కొడితే అడ్డం పోయేది. ఇమ్మాన్యుయేల్ తన ఇంట్లో ఎవరినైనా కొట్టాడో లేదో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, నర్సింగ్ చదువుతున్న సుజిత సెలవులకు వచ్చి ఫోనులో ఆ సినిమా చూపించింది. "ఆఖరు చూస్తవా అమ్మా?"

లిల్లీ వినిపించే చెవిని ఫోను వైపు తిప్పి కూర్చుంది. అరచేతంత తెరలో గడప దగ్గర వాడు నిలబడ్డాడు. మూలన ఒక పిల్ల వణుకుతోంది. గొడ్డలి లేచింది.

"చూస్తవేందే పోరీ," అంది లిల్లీ తెరలోని పిల్లతో, కళ్ళు మూయకుండా. "మణికట్టు మీద. మణికట్టు మీద కొట్టు."